చెవిని నమ్ముకున్న మేష్టారు

ఏటా ఆగస్టు 29వ తేదీ రాగానే కళాశాలల్లో ఒక పెద్దాయన ఫోటో బల్లమీద పెడతాం. దండ వేస్తాం. తెలుగు లెక్చరర్‌గారు నాలుగు మంచి మాటలు చెబుతారు. ఒకరిద్దరు పద్యాలు చదువుతారు. ఆ తర్వాత మైకు సర్దేస్తారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారని, వాడుకభాష కోసం పోరాడారని, అందుకే ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నామని మనందరికీ తెలుసు. వ్యాసరచన పోటీల్లో ఈ మూడు ముక్కలే రాసి బహుమతులు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పెద్దాయన తనకు బొత్తిగా తెలియని ఒక భాషను ఎట్లా నేర్చుకున్నారో, అందుకోసం ఏం పోగొట్టుకున్నారో మనలో చాలామందికి తెలియదు. ఈ సావనీరు కోసం నేను ఎంచుకున్నది ఆ సంగతే.

బి.యస్సీ. చదివేవాడికి ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కారణం లేకపోలేదు. మా హాస్టల్లో ఏడెనిమిది మందిమి సాయంత్రాలు జపాను భాష నేర్చుకుంటున్నాం. ఆ భాషకు ప్రపంచమంతా గుర్తించే పరీక్ష ఒకటుంది. దానికి ఐదు మెట్లు. అందులో పదాలు అడుగుతారు, వ్యాకరణం అడుగుతారు, చదివిస్తారు, వినిపిస్తారు. నోరు తెరిచి మాట్లాడించే భాగం మాత్రం లేదు. కాబట్టి పరీక్ష గట్టెక్కినవాడికి కూడా జపానువాడు ఎదురుపడితే నోరు పెగలదు. దీనికి మేము పట్టిన ఉపాయం వీడియో. ఒక్కొక్కరూ సెల్‌ఫోను ముందు నిలబడి రెండు నిమిషాలు జపాను భాషలో మాట్లాడాలి. మన ఊరి గురించో, మన వంట గురించో, ఏదైనా సరే. దాన్ని అందరం కూర్చుని చూస్తాం. ఎక్కడ పదం కుంటిందో, ఎక్కడ దీర్ఘం తగ్గిందో చెప్పుకుని మళ్లీ తీస్తాం. తన గొంతు తాను మొదటిసారి విన్నవాడు ఎవడైనా కాస్త బిత్తరపోతాడు. మూడో సారికి మాత్రం చెవి మేలుకుంటుంది. చెవి మేలుకున్నాక నోరు దానంతట అదే దారికొస్తుంది.

పరికరం కొత్తదే. పద్ధతి కొత్తది కాదు. నూరేళ్లు దాటిన కాలంలో, టేపురికార్డరు పేరు కూడా వినని రోజుల్లో, పర్లాకిమిడిలో ఒక బడి మేష్టారు ఇదే పని చేశారు. ఆయన దగ్గరున్న యంత్రమల్లా ఆయన రెండు చెవులే.

వంశధార ఒడ్డు పిల్లవాడు

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రి జ్వరంతో కన్నుమూసేనాటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో పిల్లల చదువు ఏమవుతుందో మన పల్లెలవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పొలం ఉన్నవాడికి పొలమైనా మిగులుతుంది. ఉద్యోగి ఇంట జీతం ఆగితే అన్నీ ఆగినట్టే. అయినా ఆ పిల్లవాడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి, మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. అక్కడి తోటి విద్యార్థుల్లో ఒకరు గురజాడ అప్పారావుగారు. ఈ ఇద్దరి స్నేహం తరువాత తెలుగుదేశానికి ఎంత పని చేసిందో ముందుముందు చూద్దాం.

పై చదువుకు డబ్బు లేదు. 1880లో, పదిహేడేళ్ల వయసుకే, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్ఫై రూపాయల జీతం మీద మేష్టారుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. గట్టెక్కారు. తరువాత చరిత్ర ముఖ్యవిషయంగా బి.ఏ. కూడా పూర్తి చేశారు.

ఈ చరిత్ర చదువు ఆయన్ను పుస్తకాల దగ్గర ఆగనివ్వలేదు. ఆ చుట్టుపక్కల ముఖలింగం గుడి ఉంది. గోడలనిండా పాత శాసనాలు. ఆ లిపి చదవటం నేర్పే గురువు దగ్గర్లో లేడు. ఆయనే అక్షరం అక్షరం పోల్చి చూసుకుని చదవటం నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. నడగాం తామ్రశాసనాల్ని పరిష్కరించి శాసనాల పత్రిక ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. ఎదుటనున్నది ఎంత అర్థం కానిదైనా, దాని దగ్గరే ఓపికగా కూర్చుంటే అది తనంతట తాను విప్పుకుంటుందన్న నమ్మకం ఆయనకు అక్కడ కుదిరి ఉండాలి. రాతిమీద అక్షరం విషయంలో చేసిన పనే తరువాత మనిషి నోటి మాట విషయంలో చేశారు.

పుస్తకం లేని భాష

పర్లాకిమిడి చుట్టూ తూర్పు కనుమల కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్లు ఏదైనా అవసరం పడి కొండ దిగి వస్తే వాళ్ల మాట పట్నంలో ఎవరికీ తెలియదు. భాష రానివాడికి అంగట్లోనూ కచేరీలోనూ మధ్యవర్తే దిక్కు. మధ్యవర్తి చెప్పిందే ధర, మధ్యవర్తి చెప్పిందే న్యాయం. వాళ్ల పిల్లలకు బడి లేదు. ఉన్నా అందులో చెప్పే భాష వాళ్లది కాదు. రామమూర్తిగారు వీళ్లకు చదువు చెప్పాలనుకున్నారు. చదువు చెప్పాలంటే వాళ్ల భాష తనకు రావాలి. మామూలుగా మనం ఇంకో రకంగా ఆలోచిస్తాం. వాళ్లే మన భాష నేర్చుకుని మన దగ్గరికి రావాలంటాం. ఆయన తిరగేసి ఆలోచించారు.

నేర్చుకుందామంటే వాచకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. లిపే లేదు. అందుకని తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఒక మాట అడగటం, వినటం, తాను పలకటం, ఆయన కాదంటే మళ్లీ పలకటం, సరే అన్నాక రాసుకోవటం. పట్టుదలగా ఏళ్ల తరబడి ఇదే పని. రాసుకున్నది నిజమో కాదో తేల్చుకోవటానికి కొండలెక్కి సవర గూడేలకు వెళ్లేవారు. ఇప్పుడు మేము వీడియోను వేలితో వెనక్కి తోసి పదిసార్లు వింటాం. ఫోను విసుక్కోదు. మనిషిని అదే మాట పదిసార్లు అనమంటే విసుక్కుంటాడు. విసుగు రాకుండా చెప్పించుకోవాలంటే అడిగేవాడికి ఓర్పు ఒక్కటే చాలదు, చెప్పేవాడి మీద గౌరవం కూడా ఉండాలి. కొండవాడు గురువు, బి.ఏ. మేష్టారు శిష్యుడు. ఆ రోజుల్లో అగ్రవర్ణపు ఇంటి అరుగుమీద అట్లాంటి పాఠం జరగటమంటే చిన్న విషయం కాదు.

ఆ భాష ఎంత వేరో ఒకటి రెండు సంగతులు చెబితే తెలుస్తుంది. తెలుగు ద్రావిడ భాష, పక్కనున్న ఒడియా ఆర్యభాష. సవర ఈ రెండూ కాదు, ముండా కుటుంబానికి చెందింది. దూరాన కాంబోడియాలో మాట్లాడే ఖ్మేరుకు చుట్టం. సవర మాటల్లో, గొంతులో ఊపిరిని ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఒకటుంది. మన అక్షరమాలలో దానికి గుర్తే లేదు. గుర్తు లేని ధ్వనిని మన చెవి సాధారణంగా విననట్టే వదిలేస్తుంది. అట్లా వదలకుండా పట్టుకోవటమే ఆయన గొప్ప. వాళ్ల క్రియలు ఇంకా చిత్రం. తినే వస్తువునూ తినటాన్నీ కలిపి ఒకే క్రియాపదంగా కట్టేస్తారు. మనం వాక్యంలో చెప్పేది వాళ్లు మాటలో చెబుతారు.

లెక్కలు ఇష్టమున్నవాళ్ల కోసం మరొకటి. మన అంకెలు పది మీద నడుస్తాయి. సవర లెక్క పన్నెండు మీదా ఇరవై మీదా నడుస్తుంది. పన్నెండు దాకా వేరువేరు పేర్లు. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ముప్ఫైమూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. కొండవాళ్లకు లెక్క రాదని నవ్వే పట్నంవాళ్లకు, అది రాకపోవటం కాదు, వేరే లెక్క అని తెలియదు. వాళ్లు చెప్పేది వింటూ కూర్చున్న మనిషికి మాత్రమే అది తెలుస్తుంది.

అట్లా నేర్చుకున్న భాషలో ఆయన పిల్లలకు వాచకాలు రాశారు. తన చేతి డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర మాటల్లోనే చదువు చెప్పించారు. పిల్లవాడి చదువు వాడి ఇంటి మాటతో మొదలు కావాలని ఇప్పుడు విద్యావేత్తలు పెద్ద పెద్ద సభల్లో చెబుతున్నారు. ఆయన ముప్ఫై రూపాయలతో మొదలైన జీతంలోంచి తీసి అది చేసి చూపించారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అందులో ధ్వనుల్ని అంతర్జాతీయ ధ్వనిలిపిలో గుర్తులు పెట్టి చూపారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అరుగుమీది మొదటి పాఠం నుంచి ఆ నిఘంటువు దాకా లెక్కవేస్తే సుమారు నలభై ఏళ్లు. ఆరు నెలల్లో ఏ భాషైనా నేర్పుతామని బోర్డులు కట్టే ఈ రోజుల్లో ఈ అంకె ఒకసారి తలుచుకోవటం మంచిది.

చెవి పోయింది

ఆ కొండలు మలేరియాకు పుట్టిళ్లు. దోమ ద్వారా మలేరియా వస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టిందే 1897లో. అప్పటికి దోమతెర గురించి గానీ మురుగునీటి గురించి గానీ జనానికి తెలిసింది తక్కువ. ఉన్న మందు ఒక్కటే, సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే క్వినైన్. దాన్ని 1820లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు పెల్లెతియే, కవాంతూ వేరుచేశారు. ప్రాణం నిలిపే మందే, కానీ మోతాదు మించితే చెవిమీద పడుతుంది. మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంది. దానిలో వెంట్రుకల్లాంటి సన్నని మొనలున్న కణాలు శబ్దపు కదలికను నరానికి అందిస్తాయి. క్వినైన్ ఎక్కువైతే వాటి పని దెబ్బతింటుంది. ముందు చెవుల్లో హోరు, ఆ తర్వాత వినికిడి తగ్గటం.

సవర గూడేల తిరుగుడులో రామమూర్తిగారికి మలేరియా పట్టుకుంది. క్వినైన్ మింగారు. జ్వరం తగ్గింది, దానితోపాటు వినికిడీ పోయింది. ఒక భాషను చెవితో నేర్చుకోవటానికి వెళ్లి, ఆ చెవినే అక్కడ పోగొట్టుకున్నారు.

నేను ఈ జీవితకథ చదువుతూ ఆగిపోయింది ఇక్కడే. చెయ్యి విరిగిన వడ్రంగికి ఇంకో పని చూసుకోమని చెబుతాం. ఆయనకు అప్పుడు ఏం తోచిందో నాకు తెలియదు గానీ, ఏం చేశారో తెలుసు. సవర పని ఆపలేదు. అది చాలదన్నట్టు, తెలుగువాళ్లందరితో వాదానికి దిగే ఇంకో పని నెత్తిన వేసుకున్నారు.

బడిలో మాట, ఇంట్లో మాట

1906లో జె.ఏ. యేట్సు అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు బళ్లు చూసి ఆయనకొక సందేహం కలిగింది. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి. ఇదేమిటని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకటానికి ముగ్గురు తెలుగుదేశపు పెద్దలు కలిసొచ్చారు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో గిడుగువారు. భాషను దాని సూత్రాలతో కాక, మాట్లాడిస్తూ నేర్పాలన్న పద్ధతి యూరపులో అప్పుడప్పుడే బలపడుతోంది. హెన్రీ స్వీట్, ఒట్టో యెస్పర్సన్ లాంటి శాస్త్రజ్ఞులు భాష అంటే ముందు నోటి మాట, ఆ తర్వాతే రాత అని తేల్చి చెబుతున్నారు. ఆ పుస్తకాలు చదివితే గిడుగువారికి కొత్తగా అనిపించి ఉండదు. సవరల దగ్గర అనుభవంలో తెలుసుకున్నదే అక్కడ శాస్త్రంగా కనబడింది.

ఇక్కడ మన డెల్టా పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఆనాటి పాఠ్యపుస్తకాల భాష మనం ఇప్పుడు చదువుతున్న భాష కాదు. పరవస్తు చిన్నయసూరిగారి ‘నీతిచంద్రిక’ 1853లోనూ, ‘బాలవ్యాకరణం’ 1858లోనూ వచ్చాయి. అప్పటినుంచి వచనం రాయాలంటే ఆ పద్ధతే ప్రమాణమైపోయింది. గొప్ప పుస్తకాలే, కాదనను. కానీ ఊడ్పుల రోజుల్లో ఆకుమడి దగ్గర నిలబడి అమ్మతో మాట్లాడి వచ్చిన పిల్లవాడు, బడిలో కూర్చుని అదే విషయం రాయాలంటే, ఎన్నడూ ఎవరి నోటా వినని క్రియాపదాలు వెతుక్కోవాలి. వాడు చెప్పదలచిన విషయం వాడికి తెలుసు. భాషే వాడి చేతిలో లేదు. ఒక తరం రైతుబిడ్డలు తాము మొద్దులమనుకుని బడి మానేయటానికి ఇంతకంటే ఏం కావాలి?

రామమూర్తిగారు 1911లో ఉద్యోగ విరమణ చేసి పూర్తిగా ఈ పనిమీదే పడ్డారు. అదే ఏట మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు అందులో ఉండి గ్రాంథికాన్ని కాపాడటానికి నడుం కట్టారు. ఆ పెద్దలు కూడా తెలుగు మీది ప్రేమతోనే పోరాడారని మనం మరిచిపోకూడదు. పరీక్షల్లో వ్యాసం వాడుకభాషలో రాయవచ్చునని వచ్చిన వెసులుబాటు కొద్దికాలానికే వెనక్కి పోయింది. గిడుగువారు 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం ప్రకటించారు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులు. ఎక్కువగా గ్రాంథికంలోనే రాసిన ఆ వృద్ధుడు చివరిరోజుల్లో ఇటు వచ్చి నిలబడ్డారు. ‘తెలుగు’ అనే మాసపత్రికను రామమూర్తిగారు నడిపారు.

ఆయన వాదించిన తీరు సైన్సు విద్యార్థికి నచ్చే తీరు. ఊరికే ఆవేశపడి ఉపన్యాసాలివ్వలేదు. సాక్ష్యం పోగుచేశారు. పాత శాసనాల్లో, టీకల్లో, కైఫీయతుల్లో, పండితులు అవసరానికి రాసుకున్న వచనంలో వాడుకమాటలు ఎట్లా ఉన్నాయో ఏరి చూపించారు. అట్లా కూర్చిందే ‘గద్య చింతామణి’. గ్రాంథికవాదులు రాసిన గ్రాంథికాన్ని తీసుకుని, అందులో వాళ్ల వ్యాకరణానికే నిలవని ప్రయోగాలు పట్టి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ రాశారు. పండితులకే పట్టుబడని భాషను పదేళ్ల పిల్లవాడి నెత్తిన రుద్దటం ఏం న్యాయమన్నది ఆయన వాదం. దీనికి ఎదురు చెప్పటం ఎవరికైనా కష్టమే. సభల్లో గంటల తరబడి మాట్లాడేవారు. ఎదుటివాళ్ల జవాబు చెవికి సరిగా అందని మనిషి అంతసేపు సభలో నిలబడాలంటే ఎంత గుండెదిటవు కావాలో ఒకసారి ఊహించుకోండి.

1924లో కాకినాడలో పరిషత్తు వాడుకభాష మీది నిషేధాన్ని ఎత్తివేసింది. 1933లో డెబ్బై ఏళ్లు నిండిన సందర్భంలో దేశవిదేశాల పండితులు రాసిన వ్యాసాల సంపుటాన్ని ఆయనకు కానుకగా సమర్పించారు.

జపానులోనూ ఇదే కథ

మేము జపాను భాష నేర్చుకుంటూ తెలుసుకున్న ఒక సంగతి ఇక్కడ చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. జపానువాళ్లకూ ఒకప్పుడు రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. ఆ రెండూ ఒకటి కావాలని పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడ ఉద్యమం లేచింది. దాన్ని గెంబున్ ఇచ్చి అంటారు, అంటే మాటా రాతా ఒకటి కావటం. ఫుతబతే షిమే అనే రచయిత వాడుకభాషలో ‘ఉకిగుమో’ నవల మొదలుపెట్టింది 1887లో. మన ‘కన్యాశుల్కం’ రంగమెక్కింది 1892లో, అచ్చయింది 1897లో. ఒకరికొకరు తెలియని రెండు దేశాలు పదేళ్ల తేడాలో ఒకే పని చేశాయి. ఆ తరువాత 1922లో హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు జపాను వెళ్లి, ముందు చెవి, తర్వాత నోరు, ఆఖరున పుస్తకం అన్న వరసలో భాష నేర్పమని అక్కడి బళ్లకు చెప్పాడు. పర్లాకిమిడి అరుగుమీద నడిచిన వరసా అదే.

తెలుగువాడి చెవికి జపాను భాష దగ్గ మాట కూడా ఉంది. వాళ్లకు ఒబసాన్ అంటే అత్తయ్యో పిన్నో, ఒబాసాన్ అంటే అమ్మమ్మ. ఒక్క దీర్ఘంతో వరస మారిపోతుంది. కితే అంటే వచ్చి, కిత్తే అంటే తపాలా బిళ్ల. హ్రస్వానికీ దీర్ఘానికీ, ఒంటి హల్లుకూ ద్విత్వానికీ ఉన్న తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చిందే. క్రియ చివర రావటం, విభక్తి మాట వెనక చేరటం, అదీ మనలాగే. మా వీడియోల్లో అందరికంటే ముందు గాడిలో పడినవాడు ఇంగ్లీషు మీడియంవాడు కాదు, ఇంట్లో పచ్చి తెలుగు మాట్లాడే కుర్రవాడు. ఎందుకంటే వాడు జపాను మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కాక తెలుగులో రాసుకున్నాడు.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న పర్లాకిమిడిని అందులో కలపవద్దని గిడుగువారు వాదించారు. వాదం నెగ్గలేదు. యాభై ఆరేళ్లు బతికిన ఊరిని, డెబ్బై దాటిన వయసులో వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఊరు వదిలారు గానీ సవరలను వదల్లేదు. నిఘంటువు వచ్చింది ఆ తరువాతే. ఆ ఏడే, 1938లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1940 జనవరి 15న మద్రాసులో ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికల సంపాదకులకు వాడుకభాషను నిలబెట్టమని ఆఖరి విన్నపం చేసుకున్నారు. వారానికి, జనవరి 22న, వెళ్లిపోయారు. విశ్వవిద్యాలయాలు వాడుకభాషను మనసారా ఒప్పుకోవటానికి ఆ తర్వాత ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. ఆయన కుమారుడు సీతాపతిగారు కూడా సవర భాషకు జీవితమంతా సేవ చేశారు.

మన వంతు

గిడుగువారు గెలిచారని అందరం అంటాం. సగమే గెలిచారని నాకనిపిస్తుంది. గ్రాంథికం పోయి వాడుకభాష వచ్చింది. అయితే ఎవరి వాడుక? కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ల మాట పత్రికలకూ సినిమాలకూ కొలబద్ద అయి కూర్చుంది. మన మాట కొలబద్ద అయింది గనుక మనకు ఇబ్బంది తెలియదు. ఆ మాటకొస్తే మనలోనూ అందరిదీ కాదు. మాది దివిసీమలో వ్యవసాయ కుటుంబం. మా నాన్న చేను గట్టుమీద నిలబడి, పైరుకు ఏ రోజు ఏ పురుగు పట్టిందో, నీరు ఎన్నాళ్లు నిలిచిందో, వెన్ను ఎందుకు తాలుపోయిందో పూసగుచ్చినట్టు చెప్పగలడు. ఆయనే నష్టపరిహారం కాగితం పట్టుకుని ఒక కార్యాలయానికి వెళితే, ఆ కాగితంలో ఆయన వాడే మాట ఒక్కటీ లేదు. బల్ల అవతలి ఉద్యోగికి వినే తీరిక లేదు. కాగితం చదివి చెప్పటానికి నేను వెంట వెళ్లాల్సి వచ్చింది. సవరవాడు కచేరీలో మధ్యవర్తి కోసం చూసిన చూపు ఎట్లా ఉంటుందో నాకు అక్కడ తెలిసింది.

అందుకని తోటి విద్యార్థులకు మూడు మాటలు మనవి చేస్తాను. ఒకటి, జపానుదైనా జర్మనుదైనా ఇంగ్లీషైనా, ఏ భాష నేర్చుకునేవాళ్లయినా వారానికొక వీడియో తీసుకోండి. ఒక్కరే చూసుకోవద్దు, చెవి ఉన్న స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. రెండు, సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అదే ఫోనుతో మీ నాయనమ్మనో, పాలేరునో, పడవ నడిపే పెద్దాయన్నో మాట్లాడించి దాచండి. దమ్ము చేయటం మొదలు కుప్పనూర్పిళ్ల దాకా మన పొలం పనుల మాటలు ట్రాక్టర్లూ కోతమిషన్లూ వచ్చాక ఒక్కటొక్కటే జారిపోతున్నాయి. భాషాశాస్త్రం చదివినవాళ్లు మన ఊరు వచ్చేదాకా అవి ఆగవు. మన కళాశాల గ్రంథాలయంలో వాటికొక బీరువా అర ఇప్పించమని యూనియన్ తరఫున ప్రిన్సిపాల్‌గారిని అడుగుదాం.

మూడోది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే కష్టం. విజయవాడలో లేచే మేడల మీద పనిచేసే మేస్త్రీల్లో, కూలీల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల మాట వినబడితే మనవాళ్లు కొందరు దాన్ని అనుకరించి నవ్వుకుంటారు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో ఒక పిల్లవాడు తల్లి దగ్గర నేర్చుకున్నది ఆ మాటే. మన పాఠ్యపుస్తకం మనకు అర్థమయ్యే తెలుగులో ఉందంటే ఆ పిల్లవాడి చలవే. ఈసారి ఆ గొంతు వినబడినప్పుడు ఒక్క నిమిషం ఆగి, వాళ్లేం చెబుతున్నారో విందాం.